సగటుకు లొంగని గ్లిజరిన్ నీళ్లు

మే నెల విజయవాడలో, సత్యం కోసం మీరు ఎంతసేపు ఫ్యాన్ ఆపుకొని కూర్చోగలరు? నేను ముప్పావు గంట కూర్చున్నాను. నాతోపాటు ల్యాబ్ మొత్తాన్నీ కూర్చోబెట్టాను.

ఇంజనీరింగ్ మూడో ఏడాది ల్యాబ్ పరీక్షలో మా జోడీకి వచ్చిన ప్రయోగం ఇది: నీళ్లూ గ్లిజరినూ సగం సగం కలిపిన ద్రవం వేడిని ఎంత బాగా మోస్తుందో కొలవాలి. ద్రవంలో సన్నని తీగ ముంచి కరెంటు పంపుతాం. తీగ ఎంత త్వరగా వేడెక్కితే, ద్రవం వేడిని అంత తక్కువగా లాక్కుంటున్నట్టు. అయితే ద్రవం కదలకూడదు. మా ఫ్యాన్ తిరిగితే బల్ల అదిరేది. కదిలిన ద్రవం వేడిని మోసుకుపోయి, అంకె అన్యాయంగా పెరిగేది.

నా జోడీ చల్లపల్లి అమ్మాయి. అప్పటికే తనకు రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి. ఇదీ పోతే పై ఏడాదికి పంపరు. అందుకని సీనియర్ల రికార్డులోని అంకెను, అంటే నీళ్ల విలువకూ గ్లిజరిన్ విలువకూ సరిగ్గా సగటును, ముందే ఒక అట్ట మీద రాసి తెచ్చుకుంది. ఫ్యాన్ ఆపి మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ సగటు కన్నా తక్కువే వచ్చింది.

“సగటే రాసేద్దామే. నువ్వు డిబేట్‌లో గెలిచావని గ్లిజరిన్‌కి తెలుసా?” అంది తను, పళ్లు కొరుకుతూ.

“కొలిచింది రాయకపోతే కొలవడం ఎందుకే?”

“పాసవ్వడానికి!”

అయినా కొలిచిందే రాశాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి చెమటలు తుడుచుకుంటూ మా బల్ల దగ్గర ఆగారు. “ఎవరమ్మా ఫ్యాన్ ఆపింది?”

నేను లేచి, డిబేట్ అలవాటు కొద్దీ, “అధ్యక్షా!” అన్నాను.

“నేను అధ్యక్షుణ్ణి కాదమ్మా, తడిసిపోయిన మనిషిని.” ఆయన మా కాగితం చూసి, నన్ను వదిలేసి నా జోడీ వైపు తిరిగారు. “సగటు రావాలిగా! ఎందుకు తగ్గింది?”

తను సగటు అట్టను వెనక్కి దాచుకుంది. “మా బాబాయిలిద్దరూ అంతేనండీ. పొలంలోకి విడివిడిగా దింపితే ఎవరి గట్టు వాళ్లు చక్కగా వేస్తారు. కలిపి దింపామనుకోండి, ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని కబుర్లే! ఇద్దరి సగటు పని కూడా అవ్వదండీ.”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. “అణువులూ అంతేనమ్మా, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పాస్! ఇక స్విచ్ వెయ్యండి తల్లీ.”

నేను సిద్ధం చేసుకున్న వాదనను పక్కన పెట్టి, వెళ్లి స్విచ్ వేశాను. తను సగటు రాసిన అట్టతో దర్జాగా విసురుకుంటూ బయటికి నడిచింది.

ల్యాబ్‌కు వెళ్లే మిత్రులారా, ఈ వారమే మీ రికార్డు తెరవండి. మీరు కొలవని అంకె కనిపిస్తే కొట్టేయండి. వెళ్లి కొలిచి, వచ్చిందే రాయండి. కాకపోతే, రాసేముందు మీ జోడీని ‘నీకూ సరేనా’ అని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు.