మగ్గం తీసిన అర్రలో తొట్టెల

మొన్న మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన మా కోడలు, ఒక చేత్తో ముద్ద కలుపుతూనే ఇంకో చేత్తో ఫోను నా ముందుకు జరిపింది. బొమ్మలు గీసిన గోడల మధ్య, మెత్తటి పరుపుల మీద పిల్లలంతా నిద్రపోతున్నారు. వాళ్ళలో మా మనవరాలూ ఉంది. నా మోకాళ్ళు పిల్ల వెంట పరుగెత్తనివ్వవు కనుక ఈ ఏడాది దాన్ని డేకేర్‌లో వేశారు. ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవచ్చునట. సంతోషించాను గానీ, నా ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది, ఇట్లాంటివి చూసినప్పుడు కళ్ళు ఇక్కడుంటే మనసు ఎటో వెళ్ళి కూర్చుంటుంది. ఒకప్పుడు నాదీ ఇదే పని. అప్పట్లో మా సిద్దిపేటలో ఆ పనికి పేరు కూడా లేదు.

మా ఇల్లు నేతవాళ్ళ వాడలో ఉండేది. ముందరి అర్ర నిండా మా మామ మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, తొక్కుడు చెక్కలు తొక్కుతూ పొద్దంతా చీరలు నేసేవాడు. వెనక అర్రలో మా వంట, మా పడక. చీరలు అడిగేవాళ్ళు తగ్గిపోతుంటే మా ఆయన మరమగ్గాల పనికి బొంబాయి పక్కనున్న భీవండి వెళ్ళిపోయాడు. మా అబ్బాయి బడికి పోయేవాడు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది కనుక పగలంతా ఇంట్లో నేనూ, మామా, మా మధ్య మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె చప్పుడూ. ఆయన మాటల మనిషి కాదు. ఆకలైనా చెప్పడు, మగ్గం ఆగితే అన్నం వేళయిందని నేనే తెలుసుకునేదాన్ని.

పక్కింట్లో కిరాయికి దిగిన టీచరమ్మకు కోహెడ బడిలో ఉద్యోగం. ఏడాది నిండని ఆడపిల్లను వాళ్ళమ్మ చూసుకునేది. ఆమెకు నడుము పట్టేసి ఊరికి వెళ్ళిపోయేసరికి, ఒకనాడు పొద్దున బస్సు వేళకు టీచరమ్మ పిల్లను చంకనేసుకుని మా గడప ముందు నిలబడింది.

"అక్కా, గీ వారం ఒక్కటి చూస్తరా? సెలవు ఇస్తలేరు" అంది, బస్సు వచ్చే దిక్కు చూస్తూ.

నేను చేతులు చాచాను. ఆ వారం వారంతో ముగియలేదు. ఆ పిల్లను చూసి దవాఖాన నర్సమ్మ తన కొడుకును తెచ్చింది, మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె తన కవలలను తెచ్చింది. మా ఆయన ఫోనులో నవ్వాడు, మంది పిల్లలను సాకుడు గూడ ఒక పనేనా అని. నాకు మాత్రం, పెద్దగా చదువుకోని నాకు, పొద్దున్నే నలుగురు నా తలుపు కోసం చూస్తారన్న సంగతి కొత్తగా ఉండేది. జడ కూడా నిమ్మళంగా, అందంగా వేసుకోవడం మొదలుపెట్టాను. మామ ఔననలేదు, కాదనలేదు. పిల్లలు పోగులు లాగి తెంపితే నాలుకతో చప్పుడు చేసి మళ్ళీ ముడివేసుకునేవాడు, అంతే.

ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు దించి వచ్చేసరికి టీచరమ్మ బిడ్డ కనబడలేదు. వాకిలి గొళ్ళెం వేసే ఉంది. మగ్గం చప్పుడు ఆగి ఉంది.

"బిడ్డా, ఉరుకకు. మెల్లగ రా" అన్నాడు మామ.

వంగి చూశాను. పిల్ల పాకుతూ వచ్చి గుంటలోకి జారి, ఆయన పాదాల దగ్గర కూర్చుని నవ్వుతోంది. ఆయన ఒక చెక్కను తొక్కిపెడితేనే రెండోది పైకి లేచి ఉంటుంది. ఆ రెండో చెక్క కిందే పిల్ల వేళ్ళు. నేను దిగి పిల్లను ఎత్తుకునేదాకా ఆ ముసలి కాలు వణికింది గానీ, పట్టు వదలలేదు.

సాయంత్రం టీచరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నా ఇల్లు పిల్లలకు తగిన జాగ కాదని, ఇంకెక్కడన్నా చూసుకొమ్మని కూడా చెప్పాను. ఆమె బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకుని, చంకనేసుకుని వెళ్ళిపోయింది. మరునాడు బస్సు వేళకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నౌకరీ మానేస్తుందట అని వాడలో అనుకుంటుంటే విని, వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. మిగతా పిల్లలను వెనక అర్ర దాటనియ్యకుండా, వాళ్ళ తల్లులకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని.

మామ మాత్రం మగ్గం మీది చీరను పొద్దూమాపూ కూర్చుని పూర్తిచేశాడు. చేసి, ఇంకో చీరకు పడుగు దారం ఎక్కించలేదు. మగ్గం చెక్కలు విప్పడం మొదలుపెట్టాడు.

"నేనే మానుకుంట మామా, మగ్గం తియ్యకు" అన్నాను.

"నేను నేసింది కట్టేటోళ్ళు ఏరి బిడ్డా? గీ పిల్లలైతె పిలువకున్నా వస్తున్రు" అన్నాడు, తలెత్తకుండానే.

సాయం చేస్తానంటే వద్దన్నాడు. తానే మట్టి మోసి గుంట పూడ్చి, తానే దిమ్మిస కొట్టి చదును చేశాడు. చివరి చీరను దూలానికి తొట్టెల కట్టాడు. తర్వాత, ఎవరింటికీ వెళ్ళని మనిషి, తువ్వాల భుజాన వేసుకుని పక్కింటి ముందు నిలబడ్డాడు.

"గుంట పూడ్చిన బిడ్డా. వచ్చి చూస్కో. మంచిగనిపిస్తే తోల్కరా."

ఆమె వచ్చి, గుంట ఉన్నచోట చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచి చూసింది. పిల్లను తెచ్చి తొట్టెలలో వేసి, ఆయన కాళ్ళకు మొక్కింది.

అప్పటి నుంచి మామ తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, మగ్గం తొక్కిన లెక్కనే ఊపేవాడు. ఎంత మొండి పిల్లైనా నిద్రపోవాల్సిందే. సెలవులకు వచ్చిన మా ఆయన మగ్గం లేని అర్రను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. పిల్లలను సాకుడు గూడ ఒక పనేనా అని మళ్ళీ ఎన్నడూ అనలేదు. టీచరమ్మ బదిలీ అయి వెళ్ళిపోయిననాడు మామ అన్నం తినలేదు. ఆయన పోయిననాడు, ఏ ఊళ్ళ నుంచో ఆ తల్లులు ఒక్కొక్కరే వచ్చారు.

ఆ తర్వాతా చాలా ఏళ్ళు ఆ పని చేశాను. ఇప్పటి సౌకర్యం, భద్రత అప్పుడు లేవు, కాదనను. ఇప్పుడు నాకు బెంగగా ఉన్నది ఆ సాయంత్రాల గురించే. బస్సు దిగి, డ్యూటీ దిగి వచ్చిన తల్లులు పిల్లను ఎత్తుకుని వెంటనే వెళ్ళేవాళ్ళు కాదు. చెప్పులు విడిచి వాకిలి పక్క అరుగు గద్దె మీద కూలబడి, చాయ తాగుతూ, పిల్ల ఏం తిన్నది, ఎంతసేపు పండుకున్నది అని అడిగి, ఆ మాటల్లోనే మెల్లగా తమ సంగతి మొదలుపెట్టేవాళ్ళు. ఒకామె నవ్వేది, ఒకామె కళ్ళు తుడుచుకునేది. ఇంటికి వెళితే మళ్ళీ పొయ్యి, మళ్ళీ పని. ఆ నడుమ కాసేపు ఊరికే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బండి ఇంజను ఆపకుండానే పిల్లను ఎక్కించుకుని పోతున్నారు. పిల్లలను చూసుకునే జాగలు ఊళ్ళో చాలానే వచ్చాయి. తల్లి వచ్చి కాసేపు కూర్చునే జాగ మాత్రం ఎవరూ పెట్టినట్టు లేదు.