ఫ్రేము అంచున కళ్యాణి

కళ్యాణి పోయిన నాలుగో రోజు పొద్దున్న ఆమె తల్లి వీరాయమ్మ వచ్చి, స్టూడియో గుమ్మంలో కూర్చున్న అల్లుడి ముందు నిలబడింది.

"బాబూ, పదకొండో రోజుకి పటం కట్టించాలి కదండీ. దాని ఫోటో ఒకటి తియ్యండి పెట్టెలోంచి."

"ఆయ్," అన్నాడు వీరవెంకటరమణ.

అన్నాడే గాని లేవలేదు.

రాజోలు బస్టాండు వెనక సందులో ఆ స్టూడియో పెట్టి పదహారేళ్లు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ ఇంటి గోడ చూసినా రమణ తీసిన పెళ్లికూతురో, బారసాల పిల్లో, మస్కట్ విమానం ఎక్కేముందు కొత్త చొక్కాలో బిగుసుకుని నిలబడ్డ మొగుడో ఉంటారు. అలాంటివాడి ఇంట్లో భార్య ఫోటో లేదంటే ఎవరైనా నమ్ముతారా? పెళ్లి ఆల్బం ఉండేది. తొంభై ఆరు తుపానుకి పెంకులు లేచిపోయి, పెట్టెలోకి నీళ్లు దిగి, ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే మొహాలు ఊడొచ్చేశాయి. ఇక మిగిలింది ఓటరు కార్డు. అందులో ఉన్నది తనేనని కళ్యాణి ఏనాడూ ఒప్పుకోలేదు. "ఎవరో మగరాయుడికి చీర కట్టేరండీ," అనేది.

మరి ఈ పదహారేళ్లలో ఆమెని ఒక్కసారీ తియ్యలేదా అంటే, తీశాడనే ఆమె అనుకుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

రీలుకి ముప్పై ఆరు ఫోటోలు. పెళ్లి పందిట్లో చూస్తే, "ఫోటోగ్రాఫరుగారూ, మాకొకటండీ," అంటూ జనం మీద పడిపోతారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు. అందరికీ తీస్తే తాళి కట్టే వేళకి రీలు అయిపోతుంది. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లకి ఒక ఉపాయం ఉంది. ఫ్లాషు వెనకాల చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. కెమెరా మీట ముట్టుకోకుండా అదొక్కటి నొక్కితే మెరుపు మెరుస్తుంది, రీలు మాత్రం కదలదు. వాళ్లలో వాళ్లు దాన్ని ఉత్తి ఫ్లాషు అంటారు. మెరుపు మొహం మీద పడితే చాలు, జనం సంతోషంగా భోజనాలకి వెళ్లిపోతారు.

కాట్రేనికోనలో కళ్యాణి చెల్లెలి పెళ్లయింది. బావగారి హోదాలో ఫోటోలు రమణే తీశాడు. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని కళ్యాణి వచ్చి, "ఏమండీ, నన్నొకటి తియ్యండి," అంది. రీలులో రెండే మిగిలాయి. అప్పగింతలు ఇంకా ఉన్నాయి. రమణ ఎర్ర బొత్తాం నొక్కాడు. ఆమె నవ్వింది.

పది రోజుల తర్వాత ఆల్బం తిరగేసి, "నాది రాలేదేంటండీ?" అని అడిగింది.

"కదిలిపోయేవు," అన్నాడు.

ఇంకోసారి ఇంకో పెళ్లిలో చీకటిగా పడిందన్నాడు. మరోసారి కళ్లు మూసేశావన్నాడు. నాలుగోసారికి ఆయన చెప్పక్కర్లేకుండా ఆమే సర్దుకుంది. "నా మొహం ఫోటోకి రాదులెండి. కొందరి మొహాలంతే." పక్కింటివాళ్లతో కూడా అదే చెప్పుకునేది, నవ్వుతూనే. రమణ అవుననలేదు, కాదనలేదు. వంటింటికీ స్టూడియోకీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. ఎప్పుడైనా కూర్చోబెట్టి తియ్యొచ్చులే అనుకున్నాడు. పిల్లలా లేరు, తొందరా లేదు. అంతలో నాలుగు రోజుల జ్వరం వచ్చి తీసుకుపోయింది.

ఆసుపత్రిలో ఆమె మొహం మీదికి దుప్పటి లాగినప్పుడు రమణకి ఏడుపు రాలేదు. ట్యూబులైటు కింద ఫ్లాషు లేకుండా తీస్తే మొహం పచ్చగా పడుతుంది అనుకున్నాడు. అనుకున్నానని తెలిసింది కూడా. తెలిసినా ఏమీ అనిపించలేదు. అప్పట్నించీ అలాగే ఉన్నాడు. కాఫీ ఇస్తే తాగుతున్నాడు, ఇవ్వకపోతే అడగడం లేదు.

"అది ఎప్పుడూ అనేది బాబూ, ఫోటోకి రానని," అంటోంది వీరాయమ్మ. "ఒక్కటైనా రాలేదాండీ?"

రమణ చెప్పులు వేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

అమలాపురంలో సాలమోను ఉన్నాడు. రమణతోపాటే కెమెరా పట్టినవాడు, పదహారేళ్లుగా లెన్సుల విషయంలో రమణతో దెబ్బలాడుతున్నవాడు. రమణకి తన పాత యాభై ఎమ్మెమ్ లెన్సంటే ప్రాణం. ఉన్నదున్నట్టు, వెంట్రుకతో సహా పట్టుకుంటుంది అది. సాలమోను బావ మస్కట్ నుంచి ఒక జూము లెన్సు తెచ్చిచ్చాడు. నిలబడ్డచోటు నుంచే దగ్గరికీ దూరానికీ తిప్పుకోవచ్చు. అది వచ్చిన దగ్గర్నించీ సాలమోను కాళ్లు నేల మీద ఆనలేదు.

కిందటి ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక అందరూ ఖాళీగా ఉన్నప్పుడు, రమణ పెరట్లో పందెం పెట్టుకున్నారు. ఒకే కెమెరా, ఒకే స్టాండు, మార్చేది లెన్సొక్కటే. గోడకి అన్నం మెతుకులతో పేపరు కాగితాలు అంటించారు, నడిమధ్యనొకటి, అంచుల్లో నాలుగు. అంచుల్లో కూడా అక్షరాలు ఎవరి లెన్సులో చదవగలిగితే వాళ్లు గెలిచినట్టు. అంతలో గాలి లేచి ఎడమపక్క కాగితం ఊడిపోతుంటే కళ్యాణి తడిచేతుల్తో వచ్చి దాన్ని గోడకి అదిమిపెట్టి నిలబడింది.

"ఎంతసేపండీ? పొయ్యి మీద కూర మాడిపోద్ది."

"ఒక్క నిమిషం చెల్లెమ్మా," అన్నాడు సాలమోను. "మీ ఆయన లెన్సు పరువు తీసేసి పంపేస్తాను."

"తియ్యండన్నయ్యగారూ. నాకూ చూడాలనే ఉంది."

అని ఆమె నవ్వుతూ కెమెరా వైపు తిరిగింది. కెమెరా వెనక రమణ ఉన్నాడు. "నేను కూడా పడతానేంటండీ ఇందులో?"

"అంచులో పడతావులే. కాగితం గట్టిగా పట్టుకో," అని రమణ మీట నొక్కాడు. అది సాలమోను జూము. తర్వాత తన యాభై బిగించి మళ్లీ నొక్కేసరికి ఆమె కూర వాసన పసిగట్టి వంటింటి వైపు తిరిగింది.

ప్రింట్లు వచ్చిన రోజు అమలాపురం కలర్ ల్యాబులో ఆరుగురు మగాళ్లు వాటి మీద వంగి, భూతద్దం పెట్టి అక్షరాలు చదివారు. రమణ గెలిచాడు. సాలమోను అందరికీ కాజాలు తినిపించాడు. కాగితం పట్టుకున్న మనిషి మొహం ఎవరూ చూడలేదు. ఆ ఫోటోలెలా వచ్చాయని కళ్యాణీ అడగలేదు. అప్పటికే అడగడం మానేసింది.

సాలమోను ఇప్పుడు బీరువాలోంచి కవరు తీసి, ఆ రెండు ప్రింట్లూ అద్దపు బల్ల మీద పక్కపక్కన పరిచాడు. రమణ భూతద్దం తీసి అలవాటు చొప్పున పేపరు అక్షరాల మీద పెట్టాడు. సాలమోను అతని చెయ్యి పట్టుకుని భూతద్దాన్ని పక్కకి జరిపాడు.

"ఒరేయ్ రమణా, అక్షరాలు కాదురా."

రమణ చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాది పెద్దది చేయిద్దాం," అన్నాడు చివరికి. "శుభ్రంగా ఉంది."

"శుభ్రంగానే ఉంది. అటు తిరిగి ఉంది కదరా! చెవి కనపడుతోంది. చెవికేస్తావా దండ?"

"నీది అంచులో మసక."

"మసకే. నా లెన్సు దరిద్రం అంచుల్లోనే ఉందని ఊరంతా చెప్పేవు కదా, ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ నీ వంక చూస్తోందిరా."

రమణ యాభై లెన్సు ప్రింటు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చెవిపోగు రాయి, మెడ మీద చెమట, కొప్పులోంచి జారిన పాయ, అన్నీ లెక్కగా ఉన్నాయి. సాలమోను జూము ప్రింటులో ఏదీ అంత స్పష్టంగా లేదు. కళ్లు మాత్రం ఇటు ఉన్నాయి. తన ప్రింటు బల్ల మీద బోర్లా పెట్టేసి, "పద," అన్నాడు.

ల్యాబు యజమాని ప్రభాకరరావు నెగెటివు లైటుకి పెట్టి చూసి మొహమాటపడ్డాడు. "రమణగారూ, మూలనున్న ఇంత మొహాన్ని పటమంత చేస్తే గింజ లేచి చుక్కలుచుక్కలుగా పడుతుందండీ. ఇంకెవరైనా అయితే చేసి ఇచ్చేద్దును. మీరు ఒప్పుకునే సరుకు కాదు."

"చెయ్యండి," అన్నాడు రమణ.

పదకొండో రోజు గడిచింది. భోజనాలు చేసినవాళ్లు పటం చూసి, మనిషే ఉన్నట్టుందన్నారు. పన్నెండో రోజు పొద్దున్నకి చుట్టాలందరూ వెళ్లిపోయారు. కాట్రేనికోన వెళ్లడానికి సంచి సర్దుకున్న వీరాయమ్మ పటం ఎదురుగా కూలబడింది.

"వచ్చిందే పిచ్చిపిల్ల! ఫోటోకి రానని ఎంత దిగులుపడేదో. కాస్త మసగ్గా పడింది. దాని మొహమే అంతేమోలెండి."

"మొహం కాదండీ అత్తయ్యగారూ. ఆ మసక లెన్సుది."

"ఏదైతే ఏంటి బాబూ. మిగతావైతే అసలు రానే లేదుగా."

ఔనని ఊరుకోవచ్చు. ఆవిడ ఇంకో అరగంటలో బస్సెక్కి వెళ్లిపోతుంది, కళ్యాణి మొహం అలాంటిదేనని బతికినంతకాలం అనుకుంటుంది.

"రాకపోవడం కాదండీ. నేను తియ్యలేదు."

ఆవిడకి అర్థం కాలేదు. రమణ లోపలికి వెళ్లి ఫ్లాషు తెచ్చాడు, కెమెరా లేకుండా, అదొక్కటే. ఆవిడ ముందు పట్టుకున్నాడు. వీరాయమ్మ అప్రయత్నంగా పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. అతను ఎర్ర బొత్తాం నొక్కాడు. మెరిసింది. ఆవిడ కళ్లు చిట్లించి, "పడిందాండీ?" అంది.

"లేదండి. దీనికి కెమెరానే లేదు."

వీరాయమ్మ ఫ్లాషు వంక చూసింది. పటం వంక చూసింది. మళ్లీ అల్లుడి వంక చూసింది.

"ఎన్నిసార్లండీ?"

"ఆరో, ఏడో."

"దానికి తెలుసా?"

"తెలీదండి."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని రమణకి అనిపించింది. పన్నెండు రోజుల్లో అతనికి ఏదైనా అనిపించడం అదే మొదలు. ఆవిడ లేచి, పటంలో కూతురి చెంప మీదికి జారిన బంతిపూల దండని పక్కకి జరిపింది. సంచి తీసి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. సంచి కింద పెట్టి, స్టూడియోలో ఉన్న స్టూలు లాక్కుని దాని మీద కూర్చుంది.

"నన్ను తియ్యండి," అంది. "రీలేసి తియ్యండి. వేసేది నాకు చూపించి మరీ వెయ్యండి."

రమణ కొత్త రీలు తెచ్చి ఆవిడ ముందే డబ్బా మూత తీశాడు. కెమెరా వీపు తెరిచి చూపించాడు. రీలు కొస గాడిలో పట్టలేదు. వేలసార్లు ఎక్కించిన చెయ్యి మూడుసార్లు తప్పింది. వీరాయమ్మ తొందరపెట్టలేదు. నాలుగోసారికి ఎక్కింది.

"కదలకండి," అన్నాడు.

ఆవిడ కదల్లేదు, నవ్వలేదు కూడా. రమణ మీట నొక్కి, రీలు తిప్పాడు. కెమెరా మీద చిన్న కిటికీలో ఒకటి పోయి రెండు వచ్చింది. కెమెరా ఆవిడకి దగ్గరగా తీసుకెళ్లి ఆ అంకె చూపించాడు.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని దాన్ని చూసింది. "ఆయ్," అని సంచి తీసుకుని బస్సుకి వెళ్లిపోయింది.