నాలుగు గంటల వెలుగు

మోలోబాలి కోనే ఫొటోగ్రాఫరే గానీ, ఫొటోలో మనిషి పడితే సహించేవాడు కాదు. ఎండ, నీడ, గోడ ఉంటే చాలు. మనిషి కనిపించాడా, "కాస్త జరగండి, వెలుగుకి అడ్డం" అనేవాడు.

మా అమ్మాయి పెళ్ళికి అతన్నే పిలవడం నా ఖర్మ. ఆల్బం తెరిస్తే అన్నీ గీతలూ కోణాలూ.

"అల్లుడేడిరా?" అన్నాను.

"ఆ మూల వాలుగీత చూడు. అతని మోచేతి నీడ."

"మరి నా కూతురు?"

"మెట్ల మీద ఆ త్రికోణం. తలగుడ్డ ఎంత బాగా పడిందో."

ఇప్పటికీ మా మనవడు ఆ త్రికోణాన్ని చూపించి "అమ్మ" అంటాడు.

నేను ట్రావొరేని, అతను కోనే. మా బమాకోలో ఈ రెండు ఇంటిపేర్ల వాళ్ళూ తాతల నాటి నుంచి వేళాకోళపు చుట్టాలు. ఎదురుపడితే తిట్టుకోవాలి. మంచి మాట నోరుజారితే పరువు పోయినట్టే. నేను "బొబ్బర్లు మెక్కే మొహమా" అంటే, అతను "మా తాత కొన్న బానిసా" అనేవాడు. అదే మాకు కుశలప్రశ్న.

అతని స్టూడియో పక్కనే నా కుట్టుకొట్టు. గుర్తింపు కార్డుల ఆఫీసు వీధి చివరే కాబట్టి, ఫొటో కోసం జనం గతిలేక అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. పొద్దున పదింటికి, మాడు పగిలే ఎండలో అతను ఆకాశంలోకి చూసి పెదవి విరిచేవాడు.

"వెలుగు ఇంకా రాలేదు."

"నెత్తి కాలిపోతోంది కోనే అన్నా," అని ఒక పంతులమ్మ మొత్తుకుంది.

"అది ఎండ. నేనడిగేది వెలుగు. నాలుగింటికి ఎదురుగోడ మీద త్రికోణం పడుతుంది, అప్పుడు తీస్తాను. అందాకా ఆ బానిసగాడి కొట్లో బల్లుంది, కూర్చోండి."

నాలుగింటికి గోడ కేసి చూసి, "ఇవాళా రాలేదు, ఏం చేస్తాం" అని నిట్టూర్చి, లోపల దీపం కింద కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో తీసేసేవాడు.

అప్పటికి నా బతుకు అడుగంటింది. విదేశాల్లో వాడేసిన బట్టలు మూటలుగా బజారులో దిగాక, కుట్టించుకునేవాడు కరువయ్యాడు. కత్తెర తుప్పుపట్టింది. పండక్కి కొట్టు మూసేస్తానని మా ఆవిడతో చెప్పేశాను. పైగా అతని జనం రోజంతా నా బల్ల మీదే. మూడు విడతల టీ తాగుతారు, ఆవలిస్తారు, ఉక్కకి నన్ను తిడతారు. బల్లకాలు కూడా విరిగింది.

కానీ ఖాళీగా కూర్చున్న మనిషికి తన చిరుగు తనకే కనిపిస్తుంది. పంతులమ్మ అంచు వేయించుకుంది. ఒకాయన కాలరు తిప్పించుకున్నాడు. వారం తిరక్కుండా ఆయనే మూడు అంగీలకి గుడ్డ తెచ్చాడు. పండగొచ్చింది, కొట్టు మూయడానికి తీరిక దొరకలేదు. అదంతా నా చేతి మహిమ అనుకున్నాను.

ఆరేళ్ళ తర్వాత మోలోబాలి ఫొటోల ప్రదర్శన పెట్టుకున్నాడు. వాళ్ళావిడ సితాన్ వదిన పటాలు మోయమని నన్ను పిలిచింది. అన్నీ మా ఎదురుగోడే. నల్లటి నీడ మధ్య తెల్లటి త్రికోణం, కత్తిరించినట్టు. వెనక పెన్సిలుతో తేదీ, వేళ. ఉదయం తొమ్మిది. ఉదయం తొమ్మిదీ పది. ఒక్కటీ సాయంత్రానిది కాదు.

"నాలుగింటివి ఎక్కడున్నాయి వదినా?"

"నాలుగింటికి అక్కడ ఎండెక్కడుంది మరిదీ? అది తూర్పుకి తిరిగిన గోడ కదా, ఎండ పొద్దున్నే."

ముప్పయ్యేళ్ళుగా ఆ గోడకి ఎదురుగా కూర్చుని కుడుతున్నాను. మర్నాడు నాలుగింటికి మొదటిసారి తలెత్తి చూశాను. గోడంతా చీకటి నీడ. దాని కింద చల్లగా ఒక మేక పడుకుంది.

వెళ్ళి గట్టిగా కృతజ్ఞత చెబుదామనుకున్నాను. కానీ కోనేకి ట్రావొరే కృతజ్ఞత చెప్పడమా? వీధిలో తలెత్తుకోగలమా?

ప్రదర్శనలో ఒక్క త్రికోణమూ అమ్ముడుపోలేదు. మోలోబాలి స్టూడియో ముందు కూలబడి, "మనుషుల మొహాలే తీసుకుంటాలే ఇక" అన్నాడు. ఆ మాట వినలేకపోయాను.

ఆ పూటే ఒక పెద్దమనిషి కొత్త అంగీ కోసం వచ్చాడు. అంగీ కుట్టడం అయిపోయి, మడతపెట్టి నా ఒళ్ళోనే ఉంది.

"దారం ఇంకా ఆరలేదండీ," అన్నాను. "నాలుగింటిదాకా పడుతుంది. అందాకా పక్కన ఆ బొబ్బర్ల మొహంగాడి స్టూడియోలో గోడల నిండా పటాలున్నాయి, చూస్తూ కూర్చోండి."

మోలోబాలి నా కేసి తల తిప్పాడు.

"దారం ఆరడమేమిటిరా, బానిసా?"

"నీకేం తెలుసు," అన్నాను. "జరుగు, వెలుగుకి అడ్డం."