పైన్ కొమ్మ మీద మూసుకోని గీత

నేను గ్యాస్ కట్టర్‌ని. ఇనుప ప్లేటు ఎంత మందమైనా కోస్తాను, కానీ ఎక్కడ కొయ్యాలో నాకు తెలియదు. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, మా పని అలాంటిది. ఎక్కడ కొయ్యాలో చెప్పడానికి మార్కర్ అని వేరే మనిషి ఉంటాడు. అతను డ్రాయింగు చూసి, ప్లేటు మీద సుద్ద దారం లాగి కొట్టి గీత వేస్తాడు. మంట తగిలితే సుద్ద పోతుంది కాబట్టి, గీత పొడుగునా పంచ్ అనే మొనదేలిన ఇనుప కడ్డీ పెట్టి, సుత్తితో టక్ టక్‌మని చుక్కలు కొడతాడు. కట్టర్ ఆ చుక్కలను సరిగ్గా మధ్యకి చీల్చుకుంటూ పోవాలి. కోత అయ్యాక అంచు మీద సగం చుక్కలు మిగలాలి. మొత్తం మిగిలినా తిట్లే, మొత్తం పోయినా తిట్లే.

ఇరవై రెండేళ్లు నాకు గీతలు వేసినవాడు మా నాన్న. ఒకే షెడ్డు, ఒకే కాంట్రాక్టరు. "గీసినోడు కొయ్యకూడదు, కోసినోడు అడగకూడదు" అనేవాడు. ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. గీత రెండు కొసలూ కలవకపోతే దాన్ని ముట్టుకోకూడదు. మార్కర్ పని ఇంకా అవలేదని దానర్థం. ఆయన గీత తెరిచి వదిలేసి టీకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయాసంతో రెండేళ్లు మంచం పట్టి, పోయిన మాఘ బహుళ ఏకాదశి నాడు వెళ్లిపోయాడు. పెద్దకర్మ అయ్యాక మేనమామ వచ్చి, పుట్టింట నిద్ర చేయించాలని అమ్మని టెక్కలి వైపు తీసుకువెళ్లాడు. నేను పనిలోకి వెళ్లాను. నాన్న మంచాన ఉన్న రెండేళ్లూ కొత్త మార్కర్ గీతలు బాగానే కోశాను; ఇప్పుడు అదే మార్కర్ గీత ముందు కటింగ్ టార్చ్ వెలిగించి నిలబడ్డాను. చెయ్యి కదల్లేదు. మొండితనమూ కాదు, ఏడుపూ కాదు. చుక్కలు కనబడుతున్నాయి, మంట సిద్ధంగా ఉంది, చెయ్యి మాత్రం నాది కానట్టు ఉండిపోయింది. మూడు రోజులు అదే వరస. కాంట్రాక్టరు మంచివాడే, కానీ ధర్మసత్రం నడపడం లేదు కదా. నెల రోజులు ఇంట్లో ఉండమన్నాడు, చెయ్యి తిరిగి వస్తే రమ్మన్నాడు, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు. అన్నం పెట్టే చెయ్యి అది. నాకు భయం వేసింది.

నా భార్య టెల్కో కాలనీలో ఒక బడిలో ఆయా. ఆరున్నరకి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం మూడుకి గాని రాదు. ఆ నెలంతా పర్సుడీహ్‌లోని మా ఇంట్లో పగలంతా నేనూ, వెనక వరండాలో పైన్ మొక్కా మిగిలాం.

ఆ మొక్కని నాన్నే కొన్నాడు, జబ్బు ముదరక ముందు. బిష్టుపూర్ వైపు పూల ప్రదర్శనకి వెళ్లి, పళ్లెంలాంటి కుండీలో ముసలి పైన్ బోన్సాయ్‌ని గంటసేపు చూసి, వచ్చే దారిలో నర్సరీలో నడుమెత్తు పైన్ మొక్క కొనుక్కొచ్చాడు. నేను నవ్వాను. "ఇదేటి నాయినా, బట్టలు తోముకునే బ్రష్షులాగుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇప్పుడిది పొదే. కోత్తే చెట్టవుద్ది. నాను గీత్తాను, నువ్వు కొయ్యి" అన్నాడు. తర్వాత ఆయాసం పట్టుకుంది, గీసిందీ లేదు, కోసిందీ లేదు.

పని లేని చేతులు ఊరుకోవు. ఒక ఉదయం హాక్సా బ్లేడు పట్టుకుని దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నర్సరీ అతన్ని ముందే అడిగి ఉన్నాను. పైన్‌తో జాగ్రత్త, ఆకు మొత్తం పోయిన కొమ్మ మళ్లీ చిగురించదు, తప్పు కోస్తే తప్పే అన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. షెడ్డులో జరిగిందే ఇక్కడా జరిగింది. ఎక్కడ కొయ్యాలి?

కాండం కనబడుతుందేమోనని ఆకుల గుబురు పక్కకి తీశాను. లోపల ఒక కొమ్మ మొదట్లో, బెరడు మీద, తెల్లగా చుక్కలు ఉన్నాయి. గోటితో గీకాను. జిగురు. పైన్ బెరడుకి గాయమైతే జిగురు కారి తెల్లగా గడ్డకడుతుంది. కానీ గాయాలు అలా ఉండవు. ఇవి ఒకదానికొకటి సమాన దూరంలో, కొమ్మ చుట్టూ తిరిగి, మొదటి చుక్క దగ్గరికే వచ్చి కలిశాయి. పంచ్ చుక్కలు. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు, ఆయన ప్రతి చుక్కా కొంచెం ఎడమకి వాలుతుంది.

పీట మీంచి లేచి ఇంట్లోకి పోయి, తలుపు వేసుకుని, మంచినీళ్లు తాగి, నన్ను నేను తిట్టుకుని మళ్లీ వచ్చాను. మిగతా గుబురు కూడా విప్పి చూశాను. అయిదు కొమ్మలకి అయిదు మూసిన గీతలు. ఆరోది అన్నిటికన్నా కిందిది, నాన్న గది కిటికీ వైపు చాచి ఉన్న కొమ్మ. దాని మీద మూడే చుక్కలు. ఆ గీత తెరిచి ఉంది.

మధ్యాహ్నం నా భార్యకి చూపించాను. ఆమె దగ్గరికి రాలేదు, గుమ్మంలోంచే చూసింది. "పోయిన సలికాలం పొద్దున్నే టక్‌మని ఒక్క దెబ్బ ఇనపడేది. రోజూ కాదు. అత్త కొబ్బరికాయ కొడతంది అనుకున్నాను" అంది. మళ్లీ తనే, "ఒక్క దెబ్బకి కొబ్బరికాయ పగల్దు కదా" అంది. నేను ఆ చలికాలమంతా మొదటి షిఫ్టుకి అయిదింటికే వెళ్లిపోయేవాణ్ణి. నాకు ఏ దెబ్బా వినబడలేదు.

మర్నాడు మొదటి కొమ్మ కోశాను. బ్లేడు చుక్కల మధ్యన పెట్టగానే చెయ్యి కదిలింది. ఇరవై రెండేళ్లు కదిలినట్టే కదిలింది. కొమ్మ తెగి పడగానే వరండా అంతా ఒక వాసన వచ్చింది. ఆ రెండేళ్లూ నాన్న గుండెల మీద అమ్మ రాసిన మందు వాసన అది. అందులో టర్పెంటైన్ ఉంటుందని, అది పైన్ జిగురులోంచే తీస్తారని తర్వాత తెలిసింది. ఆ నిమిషానికి అదేదీ తెలియదు. వెనక్కి తిరిగి ఆయన గది వైపు చూశాను. మంచం ఖాళీగానే ఉంది.

మిగతావి అయిదారు రోజులకొకటి చొప్పున కోశాను. అయిదోది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది పక్క కొమ్మ కాదు, తల. గీత ఉంది కాబట్టి అడగలేదు. నడుమెత్తు మొక్క మోకాలెత్తుకి దిగింది. ఒక మొండి కొమ్మకి బెరడు ఒలిచి, ఎముకలా తెల్లగా ఉంచాను, ప్రదర్శనలో అలా చూశానని ఆయన చెప్పిన గుర్తు. మిగతా మొండాల మీద సగం చుక్కలు చక్కగా మిగిలాయి. ఇంత తెగించి కోసినా చెట్టు చావలేదు. పై కొసల్లో కొవ్వొత్తుల్లాంటి లేత మొగ్గలు లేచాయి. చెట్టు కిటికీ వైపు వాలి, ఒక భుజం పైకి, ఒకటి కిందికి పెట్టి నిలబడింది. ఆయాసం వచ్చినప్పుడు మంచం అంచున నాన్న అలాగే కూర్చునేవాడు. నేను అనలేదు, నా భార్యా అనలేదు. కానీ ఆమె బట్టలు ఆరేసేటప్పుడు కుండీని గోడ వైపు తిప్పేది. సాయంత్రం నేను మళ్లీ ఇటు తిప్పేవాణ్ణి.

నెల అవుతూనే పనిలోకి వెళ్లాను. కొత్త మార్కర్ గీత మీద చెయ్యి ఆడింది. నాన్న పోతూ పోతూ నా కోసం గీతలు వేసి పోయాడనీ, అవి కోయించి నా చెయ్యి నాకు తిరిగిచ్చాడనీ నమ్మాను. ఎవరైనా అలాగే నమ్ముతారు, మరి ఆ చుక్కలు అలా ఉన్నాయి.

చైత్రంలో అమ్మ వచ్చింది. వచ్చిన నాలుగో రోజు నాకు సెలవు. తెల్లవారుజామున నిద్రలో ఉన్నాను. టక్.

ఒక్కటే దెబ్బ. పక్కన నా భార్య కళ్లు తెరిచే ఉంది, కదల్లేదు. నేను గోడ పట్టుకుని నడిచాను. వరండాలో ఇంకా మసకగా ఉంది. కుండీ ముందు అమ్మ చతికిలబడి ఉంది, ఒక చేతిలో నాన్న పంచ్, ఇంకో చేతిలో చిన్న సుత్తి. కింది కొమ్మ మీద నాలుగో చుక్క తడిగా మెరుస్తోంది.

"ఏటమ్మా ఇది?"

"మీ నాయిన ఓపికున్న రోజున గోడట్టుకుని ఇక్కడిదాకా వచ్చీవోడు. వచ్చిన రోజుకి ఒక చుక్క. నేను నడిచాననడానికి సాచ్చికం ఇదే అనీవోడు."

"గీతలు కావా అవి? నా కోసం కాదా?"

"నీకోసమేటి? ఆయన రోజులవి. ఊరికే పెట్టడం ఆ సెయ్యికి రాదు కదా, గీతలాగే వచ్చీసీయి."

అడగకుండా కోసేశాను. మా నాన్న లేచి నడిచిన రోజులన్నీ చక్కగా, కొలిచినట్టు కోసి చెత్తబండిలో వేశాను. ఆ మాట పైకే అన్నాను. అమ్మ తిట్టలేదు. ఒక్కొక్క మొండెం మీద వేలు పెట్టి తడిమింది. "సగం ఒగ్గినావు కదా నాయినా" అంది. అంతలో ఇంకొకటి కూడా నాకు తట్టింది. గీతలు కావు కాబట్టి, ఆ అయిదు కోతలూ నావే. ఎవరూ గీయకుండా నేను కోసినవి జీవితంలో అవే.

"మరి నువ్వెందుకు కొట్టావు?"

"ఇయాల ఏకాదశి, ఆయన తిథి. మూడు దగ్గర ఆగిపోనాడు. గీత తెరిచి ఒగ్గడం ఆయనకి గిట్టదు. మాసికానికి ఒక్కటేత్తే, ఏడాది లోపల మూసుకుంటాది."

"మూసుకుంటే?"

"మూసిన గీత నువ్వు కోత్తావు కదా. అప్పుడు నాకూ సెలవు." తను పోయే మాట, నాన్న మందులు అయిపోయాయి తెమ్మన్నంత మామూలుగా అంది. సుత్తిని మేకుకి తగిలించి టీ పెట్టడానికి వెళ్లింది.

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. ఆ కొమ్మ అప్పటికి బొటనవేలంత లావు. ఖాళీ చూస్తే ఇంకో నాలుగు చుక్కలు పడతాయి, కొమ్మ లావెక్కితే ఇంకా ఎక్కువ పడతాయి. నేను నర్సరీకి వెళ్లి పిండి ఎరువు తెచ్చాను. కుండీ మార్చి పెద్దది పెట్టాను. మిగతా కొమ్మల మొగ్గలు గిల్లాను, దీనివి గిల్లలేదు. వానాకాలానికల్లా అది అడ్డూ అదుపూ లేకుండా కిటికీ చువ్వల్లోంచి నాన్న గదిలోకి పెరిగింది. నర్సరీ అతను మొన్న వచ్చి చూసి, ఈ ఒక్క కొమ్మ చెట్టంతా తినేస్తోంది, అందమంతా పోయింది, "యే వాలా కాట్ దీజియే", దీన్ని కోసెయ్యండి అన్నాడు. నేను కొయ్యలేదు. గీత ఇంకా మూసుకోలేదు.

నెలనెలా బహుళ ఏకాదశికి టక్‌మంటుంది. అమ్మ లోపలికి వెళ్లాక నాన్న సుద్ద దారంతో కొమ్మ చుట్టుకొలత చూస్తాను. కొమ్మ లావెక్కుతున్న కొద్దీ పాత చుక్కలు కూడా ఒకదాని నుంచి ఒకటి జరుగుతున్నాయి. నాన్నవి మూడు ఎప్పటికీ ఎండవు, ఇప్పటికీ జిగురు కారుతూనే ఉంటాయి. ఎందుకో నర్సరీ అతనికీ తెలియదు. చైత్రంలో నాలుగు చుక్కల ఖాళీ ఉండేది. ఈ కార్తీకంలోనూ నాలుగే ఉంది.

ఈసారి చుక్క కొట్టాక అమ్మ కొమ్మని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "లావెక్కింది రా ఇది. ఎరువేత్తన్నావా?"

"లేదమ్మా" అన్నాను.

అమ్మ సుత్తిని మేకుకి తగిలించి లోపలికి వెళ్లింది. కాసేపటికి నేను పనికి బయల్దేరుతూ వరండాలోకి తొంగిచూశాను. అమ్మ వంగి, గిన్నెడు బియ్యం కడుగు నీళ్లు పైన్ మొదట్లో పోస్తోంది. నేను చూడనట్టే చెప్పులేసుకుని వెళ్లిపోయాను.