అప్పు పుట్టిన రోజు

సోఫా మేస్త్రికి యాభై నాలుగేళ్లు. పాత కుర్చీ మీద ఒక్కసారి అరచెయ్యి పెట్టి నొక్కితే చాలు, లోపల ఏ స్ప్రింగు విరిగిందో, ఏ పట్టీ సాగిందో చెప్పేస్తాడు. నోట్లో గుప్పెడు చిన్న మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే ముందుకు తోస్తూ, అయస్కాంతం సుత్తితో అందుకుని కొడుతుంటే చూసేవాళ్లకి దడ పుడుతుంది. ఆయనకి మాత్రం ఆ మేకులవల్ల ఒకటే ఇబ్బంది. పని చేస్తున్నంతసేపూ మాట్లాడలేడు. మాటలంటే ఆయనకి ప్రాణం.

ఒంటిగది కొట్టులో ఇరవై ఏళ్లు హాయిగా గడిచాక మేస్త్రికి గాజు తలుపుల మీద మనసైంది. మూడు చోట్ల అప్పు తెచ్చి పెద్ద వీధిలో షోరూం తెరిచాడు. ఏసీలు, అద్దంలా మెరిసే నేల, మధ్యలో పదకొండు కొత్త సోఫాలు. జనం బాగానే వచ్చారు. ఎండవేళ వచ్చి, సోఫాల్లో కూర్చుని, సేదదీరి, "చాలా మెత్తగా ఉన్నాయండీ" అని మెచ్చుకుని వెళ్లిపోయేవారు. కొందరు కునుకు కూడా తీశారు. రెండున్నరేళ్లకి షోరూం మూతపడింది. కోర్టులో దివాలా అర్జీ పెట్టుకోక తప్పలేదు. ఎవరికెంత బాకీయో గుమాస్తా గట్టిగా చదువుతుంటే, తల దించుకున్న మేస్త్రికి ఆ గుమాస్తా కుర్చీ కింద పట్టీ ఊడి వేలాడుతుండటం కనిపించింది. చెబుదామని నోరు తెరిచి, సమయం కాదని మూసుకున్నాడు.

కోర్టు ఆయన బాకీలు కొట్టేసింది. పోయిన పరువు ఇప్పించడం మాత్రం దాని పరిధిలోకి రాదు.

మళ్లీ ఒంటిగది, మళ్లీ మేకులు. ఉన్నంతలో గుట్టుగా నడిచిపోయేదే కానీ, తోలు కుట్టే మిషన్ మొరాయించింది. వాయిదాల మీద కొత్తది కొందామని వెళ్తే, దుకాణంలో సేల్స్‌మన్ మేస్త్రి వివరాలు కంప్యూటర్లో కొట్టాడు. అంతదాకా "సార్, సార్" అంటున్నవాడి ముఖం మారిపోయింది.

"సిస్టం ఒప్పుకోవట్లేదండీ."

"సిస్టం అంటే ఎవరు బాబూ? నేను మాట్లాడతాను, పిలవండి."

మాటలతో బుట్టలో వేసుకోలేనివాడు ఆయనకి తగలడం అదే మొదటిసారి. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "ఇక ఈ జన్మలో అప్పు ముఖం చూడను" అని భార్య ముందు శపథం చేశాడు.

"అప్పే మీ ముఖం చూడనంటోంది. మధ్యలో మీ శపథమెందుకు?" అందావిడ.

ఆవిడ ఓ లాండ్రీలో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఏ చొక్కా ఎవరిదో, దేని గుండీ ఎప్పుడు ఊడిందో మరిచిపోని మనిషి. మర్నాడు బీరువా సొరుగంతా గాలించి ఓ క్రెడిట్ కార్డు బయటికి తీసింది. పదకొండేళ్ల కిందట ఫ్రిజ్ కొనడానికి ఓ చిన్న బ్యాంకులో తీసుకున్నది. ఫ్రిజ్ బాకీ ఎప్పుడో తీరిపోయింది. షోరూం రోజుల్లో ఆ చిన్న బ్యాంకు మేస్త్రి కంటికి ఆనలేదు కాబట్టి, కార్డు అలాగే పడుంది.

మేస్త్రి దాన్ని చూస్తూనే తోలు కత్తెర అందుకున్నాడు. "ముక్కలు చేసి పారేస్తాను."

"చేద్దురుగానీ. ముందు బ్యాంకుకెళ్లి అడుగుదాం, పదండి."

బ్యాంకులో అప్పుల విభాగం చూసే ఆఫీసరమ్మకి ముప్పై ఏళ్లుంటాయి. నిదానస్తురాలు. చాలాసేపు కంప్యూటర్ చూసి, అప్పుడు నోరు విప్పింది.

"కార్డు గడువు తీరింది గానీ ఖాతా బతికే ఉంది మేస్త్రి గారూ. దీంట్లో దమ్మిడీ బాకీ లేదు కాబట్టి మూసెయ్యలేదు. మీ దివాలా చూసి మావాళ్లు పరిమితి మాత్రం బాగా తగ్గించారు."

"మూసెయ్యండమ్మా. పీడా వదుల్తుంది."

"మూస్తే నష్టం మీకే. మీరు అప్పు తీసుకుని సక్రమంగా కట్టారని చెప్పడానికి ఇదొక్కటే మిగిలింది. వాడకుండా వదిలేస్తే బ్యాంకే ఏదో ఒకరోజు మూసేస్తుంది. నెలకోసారి చిన్నదేదైనా కొనండి, గడువులోపల మొత్తం కట్టేయండి."

"అంటే, అప్పులో మునిగినవాణ్ణి అప్పుతోనే తేలమంటారు!"

"మోకాలిలోతు దాటొద్దు, అంతే."

ఆవిడ ఇంకోటి కూడా చూపించింది. కోర్టు కొట్టేసిన వాటిలో ఏసీల బాకీ ఒకటి ఇంకా ఉన్నట్టే మేస్త్రి అప్పుల చరిత్రలో కనిపిస్తోంది. కోర్టు కాగితం జతచేసి, సరిదిద్దమని ఆ చరిత్ర రాసే సంస్థకి రాయాలి. మేస్త్రి ఆ ఉత్తరం నాలుగుసార్లు రాశాడు. మొదటిదాంట్లో షోరూం వర్ణనే రెండు పేజీలొచ్చింది. నాలుగోదానికొచ్చేసరికి భార్య కోతలన్నీ పోగా మూడు వాక్యాలు మిగిలాయి. "నేను దివాలా తీశాను" అని రాసేచోట మాత్రం ఆయన కలం చాలాసేపు ఆగిపోయింది. ఆవిడ అది చూసి, లేచి వెళ్లి టీ పెట్టింది.

కొత్త కార్డు వచ్చింది. మొదటి కొనుగోలు డజను దారపు ఉండలు. కార్డు మిషన్లో పెట్టగానే మేస్త్రికి చెమటలు పట్టాయి. "సిస్టం ఒప్పుకుందా బాబూ?" అని మూడుసార్లు అడిగాడు. ఒప్పుకుంది. దారాలు సంచిలో వేసుకుని తిన్నగా బ్యాంకుకెళ్లి, డబ్బు కట్టి రశీదు తీసుకున్నాడు. నెలనెలా అదే తంతు. పదిన్నరకి దారం, పదకొండుకి బ్యాంకు. ఆయన మెట్లెక్కుతుంటే కాపలా మనిషి "ఈ నెల ఏ రంగు మేస్త్రి గారూ?" అని అడిగేవాడు.

ఆరు నెలలయ్యాక ఆఫీసరమ్మ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది.

"ఏసీల బాకీ చెరిపేశారు, మంచిదే. కానీ మేస్త్రి గారూ, మీరు అసలు అప్పు చేసినట్టే కనిపించడం లేదు."

"చేస్తున్నానమ్మా! నెలనెలా చేస్తున్నాను! ఇవిగో రశీదులు!"

"బిల్లు తయారవకముందే కట్టేస్తున్నారు. ప్రతి బిల్లూ సున్నాయే. బిల్లు రానివ్వండి. వచ్చాక గడువులోపల కట్టండి."

"మరి అన్ని రోజులూ నేను బాకీదారుగా తిరగాలా?"

"తిరగాలి."

"నిద్ర పట్టొద్దూ?"

"అలవాటవుతుంది," అందావిడ నవ్వు ఆపుకుంటూ.

అలవాటు కాలేదు. బిల్లు వచ్చేదాకా "ఇవాళ వస్తుందంటావా?" అని ఇల్లాలి ప్రాణం తోడేసేవాడు. షోరూం రోజుల్లో బిల్లులంటే వెనక గుమ్మంలోంచి పారిపోయిన మనిషి, ఇప్పుడు తపాలా మనిషికి వీధి మలుపుదాకా ఎదురెళ్లి, పెళ్లిపిలుపు అందుకున్నట్టు అందుకునేవాడు.

అలా పాత మిషన్‌తోనే రెండేళ్లు నెట్టుకొచ్చాడు. కొట్టులో ఓ గూడు నిండా దారమే. మేస్త్రి మిషన్ అప్పు కోసం భార్యని వెంటబెట్టుకుని ఆఫీసరమ్మ దగ్గరికే వెళ్లాడు. మంజూరయింది. వడ్డీ మాత్రం అందరికన్నా కాస్త ఎక్కువే పడింది. మచ్చ పూర్తిగా పోవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుందట. మేస్త్రి బేరమాడలేదు. కలం పట్టుకుని భార్య వైపు చూశాడు. ఆవిడ కాగితం అంతా చదివి, వాయిదా అంకె మీద వేలు పెట్టి మరోసారి లెక్కేసుకుని, "పెట్టండి" అంది. మేస్త్రి ఇంటికొచ్చి, గోడ క్యాలెండర్లో ఆ తేదీ పక్కన "అప్పు పుట్టిన రోజు" అని రాసుకున్నాడు.

మిషన్‌తో పాటు పని పెరిగింది. బస్సు సీట్లు వచ్చాయి, హోటల్ కుర్చీలు వచ్చాయి, కార్డు పరిమితి పెంచుతామంటూ బ్యాంకునుంచి ఓ ఉత్తరమూ వచ్చింది. మేస్త్రి దాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. పెద్ద వీధిలో ఖాళీగా ఉన్న ఓ గదిని అడుగులతో కొలుస్తూ, లాండ్రీనుంచి వస్తున్న భార్య కంట్లో పడ్డాడు.

"ఎన్నడుగులుందేం?"

"ఊరికే... కాళ్లు బిగుసుకుపోతేనూ, నడుద్దామని."

"అయితే ఇంటిదాకా నడవండి."

నడిచాడు. పరిమితి పెరిగింది గానీ ఖర్చు దారం దాటలేదు.

పద్దెనిమిదో వాయిదా కట్టిన నెలలో, సోఫా చట్రాలు చేసిచ్చే వడ్రంగి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అన్నా, రంపం మిషన్‌కి అప్పు అడిగాను. ఎవరన్నా హామీ సంతకం పెట్టాలంట. పరపతి ఉన్నవాళ్లయితే మంచిదన్నారు. నువ్వు గుర్తొచ్చావు."

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. "ఏమన్నావు?"

"హామీ సంతకం..."

"అది కాదు. ఎలాంటివాళ్లయితే మంచిదన్నారు?"

"పరపతి ఉన్నవాళ్లు."

మేస్త్రి ఓ కుర్చీ దులిపి వడ్రంగిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. భోజనం డబ్బా తెచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. మేస్త్రి ఆవిడ వైపు చూడలేదు. కింద పెట్టిన సుత్తి తీసి, మళ్లీ పెట్టాడు.

"సంతకం పెట్టను తమ్ముడూ," అన్నాడు చివరికి. "మునగడమంటే ఏమిటో నాకు తెలుసు. నీ మిషన్ నాతో పాటు మునక్కూడదు, నా మిషన్ నీతో పాటు మునక్కూడదు. కానీ రేపు నాతో బ్యాంకుకి రా. హామీ లేకుండా చిన్న అప్పేదైనా పుడుతుందేమో అడుగుదాం. నీకు పాత ఖాతాలేమైనా ఉన్నాయా?"

"పనిముట్ల దుకాణంలో ఒకటుండాలన్నా. తీర్చేసి వదిలేశాను."

"వదిలేశావా!" అంటూ మేస్త్రి మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది. రేపు ఏ దుస్తులు వేసుకోవాలో, ఆఫీసరమ్మ ముందు ఎలా కూర్చోవాలో కూడా చెప్పాకగానీ వడ్రంగిని వదల్లేదు.

వడ్రంగి వెళ్లాక భార్య డబ్బా మూత తీసింది.

"సంతకం పెట్టేస్తారేమోనని హడలి చచ్చాను."

"నాకూ అదే భయం వేసిందే," అన్నాడు మేస్త్రి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటూ.