ఇద్దరు పట్టే గుంత

మాదాపూరు సాయిలు ఎక్కడ కూర్చుంటే అక్కడ గుంత తవ్వేవాడు. ఇందులో అతిశయోక్తి లేదు, ఉంటే గింటే నేను కొంత తగ్గించి చెబుతుండవచ్చు. పెళ్ళికి పోతే పందిట్లో తవ్వేవాడు. పరామర్శకు పోతే వాకిట్లో తవ్వేవాడు. కల్లుకు పోతే ముంత నిండేలోపు తాటిచెట్టు మొదట్లో మోకాలిలోతు దిగిపోయేవాడు. ఈ రోజుల్లో మాదాపూరులో ఏ రోడ్డు చూసినా తవ్వే ఉంటుంది కనుక ఎవరికీ వింతగా తోచదు. కాని ఇది నలభైల చివరి మాట. అప్పుడక్కడ బండగుండ్లూ, జొన్నచేలూ, సీతాఫలం పొదలూ తప్ప మరేం లేవు. తవ్వడానికి ఊరు మొత్తం మీద ఈ ఒక్క మనిషే ఉన్నాడు.

యుద్ధం ముగిసి ఫౌజు నుంచి ఇంటికి పంపేశాక, సాయిలు బర్మా నుంచి ఒక పొట్టి పారనూ ఈ అలవాటునూ వెంట తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళకు మొగుడొచ్చాడని భూలక్ష్మి నులకమంచం బిగించి, కొత్త బొంత పరిచింది. కాళ్ళకు నీళ్ళు తెద్దామని బావికి పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆయన మంచం పక్కన నడుంలోతు గుంతలో ఉన్నాడు.

"ఏందయ్యా ఇది?"

"మోర్చా. బాంబులు వడితే దీంట్ల దాక్కుంటం."

"మాదాపూర్ల బాంబులెవడేస్తడు?"

"బర్మాల గూడ గిట్లనే అన్నరు."

భూలక్ష్మి బిందె దించి గుంతలోకి తొంగి చూసింది. "సరే, నీకేదో పిచ్చి వట్టింది. మరి గింత వెడల్పెందుకు? నువ్వొక్కనివే గద?"

సాయిలు ఇంకో పారెడు మట్టి తీసి ఆమె బొంత మీద పోశాడు.

భూలక్ష్మి పెదనాయన కూతురి పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ విస్తరి పట్టుకుని జాగా వెతుక్కుంటూ నడిచి, ఉన్నట్టుండి మాయమైపోయాడు. అందరూ పరుగెత్తారు. అందరికంటే ముందు సాయిలు అంచున వంగి పలకరించాడు. "దెబ్బ తాకలే గద మామా? జర పక్కకు జరుగు. ఇంకొకలకు జాగ ఉన్నది." భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. మర్నాడు పారను తీసుకుపోయి గడ్డివాములో దాచింది. ఆయన పప్పుగరిటెతో మొదలుపెట్టాడు. గరిటె వంకరపోయాక ఆమే పార వెతికి తెచ్చి చేతికిచ్చింది.

అయితే ఆ గుంతల్లో అందరికంటే ఎక్కువసార్లు పడ్డ ఘనత పట్వారీ వెంకటనారాయణ పంతులుగారిది. పంతులుగారు మనసు మంచి మనిషి. మాట్లాడేటప్పుడు మాత్రం తల పైకెత్తి మాట్లాడతారు, కింద చూడరు. ఆయనకు సాయిలు అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఊళ్ళో కుర్రవాళ్ళ మీదికి కర్రలాగా వాడేవారు. క్రాపు తల ఒకటి కనిపిస్తే చాలు, సాయిలు రెక్క పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టేవారు.

"చూడుండ్రిరా! మనిషంటే వీడు! బాంబుల నడుమ నిలవడ్డడు. ఈ కాలం పోరగాండ్లున్నరు, ఎందుకు? క్రాపు దువ్వుకోనీకి, ఈల వేయనీకి!"

ఈ ఉపన్యాసానికి మొదటి బలి భూలక్ష్మి తమ్ముడు ఎల్లేశం. ఇరవై ఏళ్ళవాడు, ఊళ్ళో వాడి క్రాపే క్రాపు. పంతులుగారు "ఈ కాలం పోరగాండ్లు" దాకా వచ్చేసరికి పక్కన పార చప్పుడు మొదలయ్యేది. ఉపన్యాసం ముగిసేసరికి గుంత తయారు. పంతులుగారు గంభీరంగా ఓ అడుగు ముందుకు వేసి అందులో పడేవారు. కుర్రవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"చూసినవా సాయిలూ!" అని లోపలి నుంచి గొంతు వచ్చేది. "నవ్వుతున్నరు! మర్యాద లేదు!"

ఇలా నవ్వులతోనే గడిచిపోయేది, పెంటయ్య రాయి సంగతి రాకపోతే.

పెంటయ్యదీ మాదాపూరే. సాయిలూ అతనూ ఒకే రోజు ఫౌజులో చేరి, ఒకే ఓడలో బర్మా పోయారు. తిరిగి ఒక్కడే వచ్చాడు. పెంటయ్య తల్లి చంద్రమ్మ ఊరిని ఏనాడూ ఏదీ అడిగింది కాదు. ఒక్కటి అడిగింది. "నా కొడుకు ఒళ్ళు ఏడుందో తెల్వది. పేరన్న ఈడ ఉండనీయుండ్రి. బాట పక్కన ఒక రాయి పాతుండ్రి." ఊరంతా సరేనంది. గుండు చీల్చి మనిషంత రాయి తీశారు, పేరు చెక్కారు, సోమవారం పొద్దున ముహూర్తం పెట్టారు. రాయి దిబ్బ కింద ఉంది, బాట పైన ఉంది. ఎక్కించాలంటే వయసు భుజాలు కావాలి.

కుర్రవాళ్ళను పిలవడానికి పంతులుగారే స్వయంగా బయల్దేరారు. అక్కడే వచ్చింది తంటా.

"పెంటయ్య ప్రాణమిచ్చిండు. మీరు జర భుజమన్న ఇయ్యరాదురా? ఇయ్యరు! ఈ కాలం పోరగాండ్లు, మీతోని ఏమైతది?"

ఎల్లేశం మొహం ఎర్రబడింది. "ఏం కానప్పుడు మమ్ముల పిలుసుడెందుకు పంతులూ? అయ్యేటోళ్ళతోనే మోపిచ్చుకోండ్రి." అని తన జట్టును వెంటబెట్టుకుని పెద్ద గుండు మీదికెక్కి కూర్చున్నాడు.

భూలక్ష్మికి ఎటూ పాలుపోలేదు. తమ్ముడన్నదీ నిజమే, అక్కడ చంద్రమ్మ ఎదురుచూపూ నిజమే. గుండు కిందికి పోయి పిలిచింది.

"తమ్మీ, చంద్రమ్మవ్వ మొఖం చూసన్న రారా."

"అవ్వకోసం ఎందుకు రానక్కా, వస్త. పంతులు ఆ మాట బంద్ జేస్తే వస్త."

"ఆయన నోరు మూయించుడు నాతోనైతదా?"

"మరి నాతోని రాయి లేపుడు గూడ కాదు."

సోమవారం వచ్చింది. పెద్దవాళ్ళు తలపాగాలు బిగించి రాయికి మోకులు కట్టి లాగారు. ఒకాయనకు నడుం పట్టేసింది, ఇంకొకాయనకు మోకు చేతిలోనే తెగింది. రాయి మాత్రం కదల్లేదు. చంద్రమ్మ నూనెగిన్నె ఒళ్ళో పెట్టుకుని బాట పక్కన కూర్చుంది. సాయిలు తెల్లవారక ముందునుంచీ గట్టి మొరం నేలలో గుంత తవ్వి, అప్పుడే పార పక్కన పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు. గుండు మీద కుర్రవాళ్ళు కాళ్ళూపుతూ, ఈలలు వేస్తూ చూస్తున్నారు. పంతులుగారికి వాళ్ళు కనిపించారు. తల పైకి లేచింది.

"ఈ కాలం పోరగాండ్లు..."

సాయిలు చటుక్కున పార అందుకుని, అయిపోయిన గుంతను మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. భూలక్ష్మి అది చూసింది. ఆమెకేదో తట్టింది.

"ఆగుండ్రి పంతులూ!" జన్మలో ఆమె ఆయన ముందు గొంతెత్తలేదు. "మళ్ళొకసారి అనుండ్రి."

"ఏమని?"

"అదే. ఈ కాలం పోరగాండ్లని."

పంతులుగారు తికమకపడుతూ అన్నారు. పార వేగం అందుకుంది. ఊరుకున్నారు, పార ఆగింది. భూలక్ష్మి మళ్ళీ అనిపించింది, పార మళ్ళీ కదిలింది. గుండు మీద ఈలలు ఆగిపోయాయి.

"ఊకె తవ్వేటప్పుడు తాపీగ తవ్వుతడు," అంది భూలక్ష్మి. "ఈ మాట ఇనవడంగనే ఇమానాలొచ్చినట్టు తవ్వుతడు. ఏందయ్యా సంగతి? ఇయ్యాల చెప్పేదాంక నేనీడికెల్లి కదల."

సాయిలు గుంత అంచున కూర్చున్నాడు. "అది నాకు పంతులు మాట లెక్క ఇనవడదే. పెంటయ్య మాట. ఆకాశంల చప్పుడైతే అందరం తవ్వేటోళ్ళం. చేతులు వణికేటివి, పార నిలవకపోయేది. అప్పుడు వాడు నడుం మీద చెయ్యి వెట్టి, అచ్చం పంతులు తీర్గ తల పైకెత్తి, 'ఈ కాలం పోరగాండ్లున్నరు, ఎందుకు? క్రాపు దువ్వుకోనీకి!' అనేటోడు. మాకు నవ్వాగకపోయేది. నవ్వొస్తే చెయ్యి వణకదు. గుంత జల్ది అయ్యేది."

"వానికెందుకు యాదుండె ఆ మాట?" అన్నారు పంతులుగారు మెల్లగా.

"మరిచిండ్రా పంతులూ? మాదాపూర్ల మొట్టమొదటి క్రాపు పెంటయ్యదే."

పంతులుగారు మరిచిపోయారు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఎన్ని పొద్దులు ఆ పిల్లవాణ్ణి ఇదే బాట మీద నిలబెట్టి ఇదే మాట అన్నారో గుర్తొచ్చింది. చంద్రమ్మ నూనెగిన్నె చూసుకుంటూ, "అవు, నూనె సీస అంత క్రాపుకే ఒడగొట్టేటోడు," అని నవ్వింది.

"ఆకర్న ఒకనాడు గుంత ఒక్కనికే అయ్యింది," అన్నాడు సాయిలు. "టైం లేకుండె. వాడు నన్ను లోపటికి నూకిండు."

ఇంతకాలం గుంత వెడల్పని ఆ మనిషిని సతాయించిన భూలక్ష్మి, వంగి కొంగుతో ఆయన వీపు మీది మట్టి దులిపింది.

పంతులుగారు చాలాసేపు నేల చూశారు. తరువాత గుండు వైపు తిరిగారు.

"ఎల్లేశం!"

"ఏంది?"

"నీ క్రాపు మంచిగనే ఉన్నదిరా." గొంతు సవరించుకున్నారు. "రాండ్రి బిడ్డా. పెంటయ్య గూడ మీ తీర్గనే ఉండె. వాన్ని మీరే లేపాలె."

అని చేతులు చాచి, తల పైకెత్తి, ఓ అడుగు ముందుకు వేశారు. వేసి గుంతలో పడ్డారు.

ఎల్లేశం గుండు మీంచి దూకి పరుగెత్తుకొచ్చి, ఆలోచించకుండా తనూ గుంతలోకి దిగి ఆయన్ను పొదివి పట్టుకున్నాడు. సాయిలు పైనుంచి వంగి ఇద్దర్నీ పరకాయించి చూశాడు. "సరిపోయిండ్రు," అన్నాడు తృప్తిగా.

తరువాత రాయి మీద కుర్రవాళ్ళ భుజాలు పడ్డాయి, మోకుల మీద పెద్దవాళ్ళ చేతులు పడ్డాయి, రాయి కదిలింది. ఇద్దరు పట్టే గుంత కావడం చేత నిలబెట్టిన రాయి ఓ పక్కకు వాలిపోతుంటే, ఊరంతా రాళ్ళు మోసి చుట్టూ దట్టించవలసి వచ్చింది. అంతా అయ్యాక చంద్రమ్మ లేచి, గిన్నెలో నూనె అరచేతిలో పోసుకుని, రాయి నెత్తిన తలకు రాసినట్టు రాసింది.

ఇంటికి పోతూ భూలక్ష్మి అడిగింది. "నిజంగనే నవ్వేటోడా పెంటయ్య, ఆ మాటకు?"

సాయిలు వెనక్కి తిరిగి, పంతులుగారు వినేంత దగ్గర లేరని చూసుకున్నాడు. "మొదట శాన తిట్టేటోడు. ఆ మాట పడలేకనే ఫౌజుకు పోయిండు వాడు. నవ్వుడు ఆడికి పోయినంక నేర్చిండు."

"మరి ఇందాక పంతులు ముందట ఎందుకు చెప్పకపోతివి?"

"ఆయన గూడ పట్టాలె గదనే గుంతల."

ఇంటికి రాగానే సాయిలు అలవాటుగా మంచం పక్కన పార దించాడు. భూలక్ష్మి పొయ్యి ముట్టిస్తూ అంది, "జర ముగ్గురు పట్టేటట్టు తవ్వు. తమ్ముడు బువ్వకొస్తుండు."