సునీత సెల్ఫ్ ఇంట్రడక్షన్

కోవిడ్ తగ్గి ఫ్యాక్టరీలు మళ్ళీ నిండుగా నడుస్తున్న ఏడాది. బెంగళూరు శివార్లలో, అత్తిబెలెలో ఒక మేడమీది గదిలో ఆదివారాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేదాన్ని. వచ్చేవాళ్ళంతా గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్ళు. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు వస్తే సూపర్‌వైజర్ పని దొరుకుతుందని వాళ్ళ ఆశ.

మొదటి పాఠం సెల్ఫ్ ఇంట్రడక్షన్, అంటే లేచి నిలబడి తన గురించి తాను చెప్పుకోవడం. ఆ బ్యాచ్‌లో ముందుగా లేచిన భాగ్య, బడిలో బట్టీపట్టినది గడగడా అప్పజెప్పింది. పేరు, ఊరు, ఆ వెంటనే “మై రెలిజియన్ ఈజ్ హిందూ.” తర్వాత లేచినవాళ్ళంతా అదే వరస. నేను ఆపలేదు. నోరు తెరిచి మాట్లాడుతున్నారు, అదే పదివేలు అనుకున్నాను.

సునీత వంతు వచ్చింది. కదిరి వైపు నుంచి వచ్చిన మనిషి, అందరికన్నా బెరుకు. భాగ్య వైపు ఒకసారి చూసి, మతంతో సహా అందరిలాగే, ఎక్కడా తడబడకుండా చెప్పేసింది. “వెరీ గుడ్!” అంటూ నేనే అందరిచేతా చప్పట్లు కొట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోయినా సునీత కదల్లేదు. చూస్తే ఏడుస్తోంది.

“ఏమైందమ్మా?”

“మేము ఏసుప్రభువును నమ్ముకున్నోళ్ళం మేడమ్. భాగ్యక్కావాళ్ళ ఇంట్లోనే బాడుగకు ఉండాము. వాళ్ళత్త హిందువులకు తప్ప ఇల్లియ్యదు. నా పేరు ఇని మేమూ హిందువులమే అనుకునింది. తెలిస్తే ఖాళీ చేయమంటాది. పాపను ఇప్పుడే ఇక్కడ ఇస్కూల్లో ఏసినాము.”

“పోనీలే, భయపడి అన్నావు. దానివల్ల ఎవరికి నష్టం?”

“అట్లనొద్దు మేడమ్. ఇన్నాళ్ళూ ఎవురూ అడగలే, నేను చెప్పలే. ఈపొద్దు నా నోటితో నేనే కాదన్నా.”

కొంగుతో మొహం తుడుచుకుని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. భాగ్యే పాపం దిగులుపడింది. “మానుకోవద్దని నేనూ చెప్పినా మేడమ్. ఎంత బాగా మాట్లాడె! ఏమయిందో ఏమో.” ఆమెకు నేనేం చెప్పగలను? ఇంట్లో పనులేమో అని గొణిగాను.

ఇప్పుడు కొత్త బ్యాచ్ వస్తే ముందే చెబుతాను: పేరు, ఊరు, చేసే పని, చాలు. ఎవరైనా మతం మాట ఎత్తితే మధ్యలోనే ఆపేస్తాను. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. సునీతకు మాత్రం ఇది ఏ రకంగానూ పనికిరాదు. తన గురించి చెప్పుకొమ్మని లేపి నిలబెట్టి, ఆమెను ఆమె చేతే కాదనిపించాను.